సముద్రగర్భ తవ్వకాలు: బ్యాక్టీరియాను నమ్ముకుని బతికే జీవుల సంగతేంటి?

హిందూ మహాసముద్రం అడుగున ఖనిజాలు వెతకడానికి 2016 సెప్టెంబరులో భారత్ అంతర్జాతీయ సముద్రగర్భ ఖనిజాల వ్యవహారాలు చూసే ఇంటర్నేషనల్ సీబెడ్ అథారిటీతో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. వెతకాల్సిన ప్రాంతం 10,000 చదరపు కిలోమీటర్లు. రాగి, జింకు, బంగారం, వెండి కలిసి ఉండే ఆ సల్ఫైడ్ (గంధకంతో కలిసిన లోహాల) నిక్షేపాలు సముద్రం అడుగున ఊరే వేడినీటి బుగ్గల దగ్గరే పేరుకుంటాయి. ఆ బుగ్గలను నమ్ముకుని పెద్ద జీవలోకమే ఉందన్న సంగతి యాభై ఏళ్ల కిందట ఎవరికీ తెలియదు.

1977లో అమెరికా శాస్త్రవేత్తలు ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో పసిఫిక్ మహాసముద్రంలోని గాలాపగోస్ దీవుల దగ్గర సుమారు 2,500 మీటర్ల లోతుకు దిగారు. ఆ యాత్రలో జీవశాస్త్రజ్ఞులు ఒక్కరూ లేరు. భూగర్భ శాస్త్రవేత్తలు వేడినీటి ఊటల కోసం వెళ్తే, ఎండపొడ కూడా తగలని ఆ చోట గుంపులు గుంపులుగా జీవులు కనిపించాయి. వాటిని పాడవకుండా నిల్వ చేసే రసాయనం చాలక వోడ్కాలో వేసి తెచ్చారు.

వాటిలో మనిషిని మించి పొడవు పెరిగే గొట్టపు పురుగు అందరినీ తికమకపెట్టింది. దానికి నోరు లేదు, పేగూ లేదు. మరి ఏం తిని బతుకుతోంది? స్మిత్సోనియన్ సంస్థకు చెందిన మెరిడిత్ జోన్స్ 1980లో హార్వర్డ్‌లో ఉపన్యసిస్తూ, పురుగు ఒంట్లో గంధకపు స్ఫటికాలు ఉన్నాయన్నారు. అప్పుడే పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థిని కొలీన్ కవనా వెంటనే లేచి, లోపల గంధకంతో బతికే బ్యాక్టీరియా ఉండి తీరాలన్నారు. 1981లో ఆధారాలతో ప్రచురించారు కూడా.

అలాంటి బ్యాక్టీరియా ఉందని రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1880లలోనే చెప్పారు. కానీ ఒక జంతువు పూర్తిగా దాని మీదే ఆధారపడి బతకగలదని ఎవరూ అనుకోలేదు. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ మనకు విషం. ఈ పురుగు తన ఎర్రటి కుచ్చుతో దాన్నీ ఆక్సిజన్‌నూ పీల్చి, రక్తం ద్వారా బ్యాక్టీరియాకు చేరవేస్తుంది. బ్యాక్టీరియా ఆ సల్ఫైడ్ నుంచి శక్తి పొంది, దాంతో ఆహారం తయారుచేసి పురుగును పోషిస్తుంది. నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది మరొకటి: పురుగు ఈ బ్యాక్టీరియాతో పుట్టదు. పిల్లదశలో చుట్టూ ఉన్న నీళ్లలోంచి అది చర్మం గుండా లోపలికి చేరుతుందని 2006లో తేలింది. అంటే పురుగును కాపాడితే చాలదు, ఆ నీళ్లనూ కాపాడాలి.

తర్వాత సముద్రపు గడ్డి పెరిగే బురదలోని ఆల్చిప్పల్లోనూ ఇలాంటి కాపురాలే బయటపడ్డాయి. మన వైపు, హిందూ మహాసముద్రంలో, కైరేయ్ అనే బుగ్గల క్షేత్రం 2000లో దొరికింది. అక్కడి రొయ్యలు ఉబ్బిన తల పెంకు లోపల, నోటి అవయవాల మీద బ్యాక్టీరియాను పెంచుకుంటాయి. 2001లో కనిపించిన పొలుసుల నత్త మరీ వింత. పాదమంతా ఇనుప సల్ఫైడ్ పూత ఉన్న పొలుసులే. అన్నవాహిక దగ్గరి పెద్ద గ్రంథిలో ఉండే బ్యాక్టీరియాయే దాన్ని పోషిస్తుంది.

2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ నత్తను అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో చేర్చింది. సముద్రగర్భ తవ్వకాల ముప్పు కారణంగా ఆ జాబితాకెక్కిన మొదటి జీవి ఇదే. అప్పటికి తెలిసిన మూడు స్థావరాల్లో రెండు వివిధ దేశాల ఖనిజాన్వేషణ ఒప్పందాల పరిధిలో ఉన్నాయి.

అన్వేషణ అంటే తవ్వకం కాదు, నిజమే. 2021లో ఆమోదం పొందిన మన డీప్ ఓషన్ మిషన్‌లో లోతు సముద్రపు జీవవైవిధ్యం, సూక్ష్మజీవుల అధ్యయనం కూడా ఉంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య-6000 అనే చిన్న జలాంతర్గామిని తయారుచేస్తోంది. ఆ ప్రయాణాల్లో జీవశాస్త్రజ్ఞులకు మొదటి నుంచీ చోటుండాలి. ఊట ఆగిపోయిన బుగ్గల దగ్గరి నిక్షేపాల గురించి వేరుగా చర్చించుకోవచ్చు. నీళ్లు ఇంకా ఊరుతున్న బుగ్గల జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. ఊట దారి మూసుకుపోతే ముందు బ్యాక్టీరియాకు సల్ఫైడ్ అందదు, ఆ వెంటనే నత్తకూ రొయ్యకూ తిండి ఉండదు. తవ్వకాల నిబంధనల్లో ఈ షరతు ఇప్పుడే రాయించాలి.