కొలతల మీద చర్చకు వెళ్ళే ముందు

గుంటూరు

చిరంజీవులు బుజ్జి, చిట్టి, నానిలకు తాతయ్య ఆశీస్సులు.

"కొలతలన్నీ మెట్రిక్‌లోనే ఉండాలా?" అని మీ బడిలో చర్చ పెట్టారని అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఇలాంటి చర్చ గజాల దగ్గర మొదలై, పది నిమిషాల్లో అమెరికా గొప్పా మనం గొప్పా అనే గొడవలోకి జారిపోతుంది. అందుకే ముందుగా నాలుగు మాటలు రాస్తున్నాను.

మెట్రిక్ కావాలా వద్దా అన్నది మన దేశంలో ఎప్పుడో తేలింది. 1956లో చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి వీశెలు, మణుగుల చోట కిలోలు విడతలవారీగా బజారుకెక్కాయి. దాని మీద మళ్ళీ వాదించుకుంటే టైమ్ వృథా. ఇంకా పాత కొలతలే నడుస్తున్నవి ముఖ్యంగా రెండు: భూమి, నది నీళ్ళు. మాట్లాడితే వీటి మీద మాట్లాడండి.

ఎవరైనా లేచి "మా పొలం 40 సెంట్లు" అంటే నవ్వకండి, "సెంట్లేంటి, పాతకాలం!" అనకండి. సెంటంటే 48.4 చదరపు గజాలు, అంటే సుమారు 40.47 చదరపు మీటర్లు. ఆ లెక్క వాళ్ళతో కలిసి వేయండి. 40 సెంట్లు దాదాపు 1,619 చదరపు మీటర్లని బోర్డు మీద కనిపిస్తే వాదన దానంతటదే ముందుకు కదులుతుంది. మన మిర్చి యార్డులో మిర్చి బస్తాలను ఈనాటికీ టిక్కీలు అనే అంటారు. కాటా మీద మాత్రం కిలోలే, ధర చెప్పేది క్వింటాకే. అలవాటైన మాట, లెక్కకు అందే కొలత పక్కపక్కనే బతకగలవని నా నమ్మకం.

నీళ్ళ సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వెళ్ళాయి. క్యూసెక్కంటే సెకనుకు సుమారు 28.3 లీటర్లు. అంటే ఆ రోజు సెకనుకు మూడు కోట్ల లీటర్లకు పైనే. పిల్లలకు అర్థమయ్యేది ఈ లీటర్ల లెక్కే, కాబట్టి పాఠాల్లో అది ఉండాలి. అయితే కరకట్ట పక్కన ఉండేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా క్యూసెక్కుల్లోనే ప్రమాదాన్ని గుర్తుపడుతున్నారు. వరద ముంచుకొస్తున్నప్పుడు వాళ్ళకు కొత్త లెక్క చెప్పకూడదు. మామూలు రోజుల్లో రెండూ కలిపి చెబుతూ అలవాటు చేయాలి.

అవతలివాళ్ళు 1999లో అంగారకుడి దగ్గర పోయిన అమెరికా వ్యోమనౌక సంగతి తప్పకుండా ఎత్తుతారు. ఇంజన్ల తోపుడు లెక్కను ఒక బృందం పౌండ్లలో ఇస్తే, రెండో బృందం దాన్ని మెట్రిక్ కొలతైన న్యూటన్లుగా తీసుకుంది. దీన్ని పట్టుకుని అమెరికాను వెక్కిరించడం మొదలైతే మర్యాదగా ఆపండి. మన చర్చకు అక్కడ పనికొచ్చేది ఒక్కటే: అంకె పక్కన కొలత పేరు స్పష్టంగా లేకపోతే ఎంతటి నిపుణులైనా పొరబడతారు. మీరు కూడా "నూట యాభై" అని వదిలేయకుండా గజాలో మీటర్లో చెప్పండి.

ఎదుటివాళ్ళు మాట్లాడుతుండగా మధ్యలో తప్పులు దిద్దకండి. బరువు అన్నా, ద్రవ్యరాశి అన్నా ఆ క్షణానికి వదిలేయండి. అంకె తప్పయితే మాత్రం, వాళ్ళ వంతు అయ్యాక "ఆ లెక్క ఇంకోసారి చూద్దామా?" అని అడగండి. మాట పక్కదారి పడితే టీచర్ వైపు చూస్తూ కూర్చోకుండా, "మనం భూమి కొలతల దగ్గర ఉన్నాం కదా" అని మీరే గుర్తుచేయండి.

హెక్టారు లెక్కలు నానికి వదిలేయండి, వాడికి దశాంశాలు బాగా వచ్చు. చర్చ అయ్యాక, అవతలి పక్షం చెప్పినవాటిలో మీకు బాగా నచ్చినదేదో నాకు రాయండి.

మీ తాతయ్య