జీపీఎస్ పాయింట్ ఇస్తే భూమి పోదు

పాడేరు వైపు కాఫీ తోటల మ్యాపింగ్‌కు ఏ ఊరెళ్లినా ముందు వినిపించే మాట ఇదే: "ఫోన్లో ఎక్కించుకుని మా భూమి ఫారెస్టోళ్లకు ఇచ్చేస్తారా బాబూ?" పోడు పట్టాల కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఆ భయం ఉంటుంది. వాళ్లనేమీ అనలేను. ఆ పుకారును సంతలో మోసుకొచ్చి, "నీకు పాయింట్ లేదు కదా" అంటూ పార్చ్‌మెంట్‌ (పైపొర తీయని ఎండు కాఫీ గింజల) ధర తెగ్గోసేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది.

ఈయూడీఆర్‌కు (అడవి నరికి పండించిన సరుకును ఆపే యూరప్ చట్టానికి) కావలసింది, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికి వేసిన తోట కాదని, మన చట్టాల ప్రకారమే పండిందని రుజువు. నాలుగు హెక్టార్ల లోపు, అంటే దాదాపు పదెకరాల లోపు తోటకు హద్దులు గీయక్కర్లేదు. అక్షాంశ, రేఖాంశాల్లో దశాంశం తర్వాత ఆరంకెలతో ఒక్క పాయింట్ చాలు. అది యూరప్‌లో సరుకు దించుకునే కంపెనీ దాఖలు చేసే డిక్లరేషన్‌కు పనికొస్తుంది. దానివల్ల మీ ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల) పట్టాలో ఒక్క సెంటు పెరగదు, తరగదు.

అసలు నష్టం దొంగ పాయింట్లతో. ఒక ఊరి జాబితా మ్యాప్ మీద తెరిస్తే తోటలన్నీ బడి ముందు బోరింగు దగ్గరే ఉన్నాయి! కొండెక్కే ఓపిక లేక ఎవరో అక్కడే కూర్చుని అందరివీ కొట్టేశారు. ఊరందరి గింజలూ ఒకే లాట్‌లో కలుస్తాయి. అందులో ఒక్క తోట తేడా వచ్చి, దాని గింజలు విడదీయలేకపోతే లాట్ మొత్తం ఆగిపోతుంది. అందుకే తోటలో నిలబడే పాయింట్ తీయించుకోండి.

"సిల్వర్ ఓక్ కొట్టించాం, అడవి నరికినట్టేనా?" అని ఒకమ్మ టెన్షన్ పడింది. కాదమ్మా. కాఫీ తోటలో నీడ చెట్టు తీసినా అది తోటే. కొట్టడానికి ఇక్కడ పర్మిషన్ కావాలా అన్నది వేరే లెక్క.

ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉంటే సరిపోతుందా? సరిపోదు. ఇండియా యూరప్ వాళ్ల లో-రిస్క్ (అడవి నరికే ముప్పు తక్కువున్న దేశాల) జాబితాలో ఉంది కదా? ఉంది, దాంతో కంపెనీలకు పేపర్ పని తగ్గుతుంది, పాయింట్ మాత్రం ఇవ్వాల్సిందే.

ఇక వాయిదా సంగతి. పెద్ద, మధ్యతరహా కంపెనీలకు ఈ చట్టం పాటించాల్సిన గడువు 2026 డిసెంబరు 30కి, చిన్నవాటికి 2027 జూన్ 30కి జరిగింది. 2026 నవంబరులో కోసే పళ్లు పల్పింగై (తొక్క ఒలిచి), ఎండి, ఓడెక్కి అక్కడ దిగేసరికి మొదటి గడువు దాటిపోతుంది. కోతలు మొదలవకముందే పాయింట్లు తీయించండి.