నచ్చకపోవడం వేరు, బాగాలేకపోవడం వేరు: ఫాంటసీ చదువరుల అపోహలు - వాస్తవాలు

గ్రంథాలయంలో పుస్తకం తిరిగిచ్చేటప్పుడు మా కోనసీమ జనం ఒక్క మాటలో తీర్పు చెప్పేస్తారు. "సూపరండి." "చెత్తండి బాబూ." డిటెక్టివ్ నవలైతే ఎందుకో కాస్త చెబుతారు. ఫాంటసీ, అంటే మాయలూ మంత్రాల కథ, అయితే అదీ ఉండదు. "అంతా ఉత్తిదే కదండి" అనేసి వెళ్లిపోతారు. ఈ మధ్య ఆ మాట ఒక అమ్మాయి చేత రాయడం మాన్పించినంత పని చేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నాకు నచ్చలేదంటే అది బాగాలేని పుస్తకమే.

వాస్తవం: నచ్చకపోవడం మీ సొంత విషయం. దానికి సాక్ష్యం అడిగే హక్కు ఎవరికీ లేదు. బాగాలేదని నలుగురిలో అన్నారంటే మాత్రం ఏ అధ్యాయంలో ఏం చెడిందో చూపించాల్సిందే.

ఆ అమ్మాయిది లంక గ్రామం. డిగ్రీ చదువుతోంది. పంటు మీద రేవు దాటొచ్చి పుస్తకాలు తీసుకెళ్తుంది. తనే ఒక నవల రాసింది. ఏటిగట్టు మీద గుడిసెలో ఉండే ముసలావిడకు వరదను ఆపే మంత్రం వచ్చు. కానీ వేసిన ప్రతిసారీ ఆవిడ జ్ఞాపకాల్లో ఒకటి చెరిగిపోతుంది. మొదట పెళ్లినాటి పాట పోతుంది, తర్వాత తమ్ముడి మొహం. చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. మా ఆదివారం సమావేశంలో చదివిస్తే, బాగా చదువుకున్న ఒక పెద్దాయన "మంత్రానికి గోదారి ఆగడమేంటమ్మా? ఎక్కడైనా జరిగేదేనా? జీవితం గురించి రాయి" అన్నారు. పక్కవాళ్లు తలూపారు. ఆ పిల్ల ఫైలు మూసేసి వెళ్లిపోయింది. చాలాకాలం ఇటువైపు రాలేదు.

ఆయనకు మంత్రాల కథలు పడవు. పడకపోతే తప్పేం లేదు. కానీ ఆయన తన అభిరుచిని విమర్శ పేరుతో ఆ పిల్ల మీద పెట్టారు. నిజంగా విమర్శించాలంటే ఆ నవలలో చోటుంది. తొమ్మిదో అధ్యాయంలో ముసలావిడ ఊరి కోసం మంత్రం వేస్తుంది, ఏమీ మరిచిపోదు. ఎందుకో కథ చెప్పదు. అప్పటిదాకా మనల్ని భయపెట్టిన మూల్యం అక్కడ మాయమైపోయింది. ఆ తర్వాత ఎంత పెద్ద వరదొచ్చినా మనకు దిగులుండదు. ఈ లోపం మంత్రాల కథలంటే ప్రాణం పెట్టేవాళ్లకూ, గిట్టనివాళ్లకూ ఒకేలా కనబడుతుంది. రాసిన మనిషి దిద్దుకోగలదు. "జీవితం గురించి రాయి" అంటే ఏం దిద్దుకుంటుంది పాపం?

ఫోన్ చేసి తొమ్మిదో అధ్యాయం సంగతి చెప్పాను. "అవును మేస్టారూ, అక్కడ నాకూ ఏదో తేడాగానే ఉంది" అంది వెంటనే. ఆ మాట ఆమెను నొప్పించలేదు.

ఫాంటసీ చేతికొస్తే, ఇది లోకంలో జరుగుతుందా అని అడగకండి. తను పెట్టిన నియమానికి కథ తనే కట్టుబడిందా అని చూడండి. శక్తి వాడితే మూల్యం ఎవరు కడుతున్నారు? యుద్ధం నడుస్తుంటే చేలు ఎవరు కోస్తున్నారు? ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్లు వదలకపోతే శివారు చేను తడవదని మనకు ఒకరు చెప్పాలా? రాజుగారి కోటలో విందు జరుగుతుంటే ఆ వడ్లు ఏ ఊరివో రచయితకు తెలిసుండాలి.

అపోహ: అందరూ గొప్పదన్నది నాకు ఎక్కలేదంటే లోపం నాదే.

వాస్తవం: ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు ఈ టెన్షన్‌తో నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి చెబుతారు. టోల్కీన్ అనే ఇంగ్లీషు రచయిత మూడు సంపుటాల ఫాంటసీ నవల 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' 1954-55లో వచ్చింది. 1956లో ఎడ్మండ్ విల్సన్ అనే పేరున్న అమెరికన్ విమర్శకుడు దాన్ని పిల్లకాయల సరుకు కింద కొట్టిపారేశాడు. అదే ఏడాది ఆడెన్ అనే మహాకవి దాన్ని ఆకాశానికెత్తాడు. వాళ్లిద్దరికే కుదరలేదు. నడక వర్ణనలకు ఓపిక లేక సగంలో ఆపేసిన మా కుర్రాడు సిగ్గుపడాల్సిందేముంది?

అపోహ: ఫాంటసీ ఇంగ్లీషు నుంచి దిగుమతైంది, అదీ పిల్లలకే.

వాస్తవం: రాజమండ్రికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు రాశారు. ముసురు పట్టిన రోజుల్లో మా తాతగారు అరుగు మీద కూర్చుని వాటిని పైకి చదివేవారు. పొలం పనివాళ్లు గొడుగులు పక్కన పెట్టి వినేవారు, అందరూ పెద్దవాళ్లే. "కథలో కథ, ముందుకు కదలదండి" అని వాటి మీద ఇప్పుడు ఫిర్యాదు. దారిలో ఆగిన మజిలీకో కథ చెబుతానని ఒప్పుకునే కదా, ఆ కథలు చెప్పే మణిసిద్ధుడు గొల్లపిల్లాణ్ణి వెంటబెట్టుకుని కాశీకి బయల్దేరింది! ఆగుతూ సాగడం ఆ పుస్తకం పద్ధతి. మీకు పడకపోతే వదిలేయండి, లోపమని మాత్రం రాయకండి.

అపోహ: మనూరి రచయితను పొగడాలి.

వాస్తవం: అక్కర్లేదు. చదివి, పేజీ చూపించి మాట్లాడితే చాలు.

అపోహ: పూర్తి చేయకుండా మాట్లాడకూడదు.

వాస్తవం: మాట్లాడొచ్చు. చివర ఎలా ఉందో మాత్రం మీరు చెప్పలేరు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఏ పేజీ దగ్గర ఆపారో, ఎందుకు విసుగొచ్చిందో నాకు చెప్పండి. దాన్ని తర్వాత ఎవరి చేతిలో పెట్టాలో నాకు తెలుస్తుంది.