పొద్దున పుల్లన, సాయంత్రం చప్పన

పెరట్లో రణపాల మొక్క ఉంటే తెల్లవారుజామున దాని ఆకు అంచు గోరంత తుంచి, నాలుకకు తాకించి ఉమ్మేయండి. పుల్లగా ఉంటుంది. అదే మొక్క నుంచి సాయంత్రం మరో ముక్క తుంచితే ఆ పులుపు కనిపించదు. మింగకూడదు, గుండె మీద పనిచేసే విషపదార్థాలు ఆ ఆకులో ఉన్నాయి. ఈ రుచి తేడాను శాస్త్రలోకం దృష్టికి తెచ్చిన బెంజమిన్ హేన్ మనకు పరాయివాడు కాడు. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ తరువాత మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న జర్మన్ ఆయన. ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి రుచి లేకుండా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటోందని ఆయన రాసిన ఉత్తరాన్ని 1813లో లండన్‌లోని లిన్నియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘంలో చదివారు.

ఇప్పుడు నర్సరీలలో చిన్న కుండీల్లో అమ్ముతున్న ఎచెవేరియా ఈ రణపాలకు చుట్టమే. రెండూ క్రాసులేసీ కుటుంబానివి. దళసరి ఆకులు వలయాలుగా పేర్చుకుని, విచ్చుకున్న తామరలా కనిపించే మొక్క ఇది. పువ్వనుకుని కొనేవారు కూడా ఉన్నారు. దీని సొంతగడ్డ ప్రధానంగా మెక్సికో కొండ ప్రాంతాలు. పేరు ఒక చిత్రకారుడిది: 18వ శతాబ్దం చివర స్పెయిన్ పంపిన వృక్షాన్వేషణ బృందంలో మెక్సికో మొక్కల బొమ్మలు గీసిన అతనాసియో ఎచెవేరియా. 1828లో వృక్షశాస్త్రవేత్త డి కాండోల్ ఈ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) ఆయన పేరు పెట్టాడు. మొక్కను ఓపికగా చూసి గీసినవాడికి దక్కిన ఈ గౌరవం నాకు ఎంతో ఇష్టం.

పులుపు సంగతికి వద్దాం. మామూలు మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. అదే దారిన నీరు ఆవిరైపోతుంది. ఎండకు కాగే రాతినేల మీద ఆ ఖర్చు భరించడం కష్టం. అందుకే ఎచెవేరియా పగలు తలుపులు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తుంది. అప్పుడు తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి, కణాలలోని సంచుల్లో దాచుకుంటుంది. తెల్లవారాక ఆ ఆమ్లాన్ని విడగొట్టి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌తో వెలుతురులో చక్కెర తయారుచేసుకుంటుంది. పొద్దుటి పులుపు రాత్రంతా కూడబెట్టిన నిల్వ. సాయంత్రానికి అది ఖర్చైపోతుంది.

ఆ ఆకుల అమరికలోనూ లెక్క ఉంది. నడిమి మొగ్గ నుంచి పుట్టే ప్రతి కొత్త ఆకూ ముందు ఆకుకు దాదాపు 137.5 డిగ్రీల కోణంలో వస్తుంది. అందువల్ల ఏ ఆకూ మరో ఆకు మీద సరిగ్గా పడదు, అన్నిటికీ వెలుతురు అందుతుంది. పైనుంచి చూస్తూ, ఆకులు చుట్టు తిరుగుతూ ఏర్పరచే మెలికలు లెక్కపెడితే తరచుగా 5, 8, 13 వంటి అంకెలు వస్తాయి. పిల్లల చేత ఒకసారి లెక్కపెట్టించి చూడండి.

కొన్ని జాతుల ఆకుల మీద విభూతి పూసినట్టు తెల్లటి పొడి కనిపిస్తుంది. అది మైనం; ఎండ నుంచీ నీటినష్టం నుంచీ కాపాడే కవచం. వేలితో తాకితే చెరిగిపోతుంది, ముదిరిన ఆకు మీద మళ్లీ సరిగా పూడదు. దుమ్ము అనుకుని తుడవకండి.

ఈ మొక్కకు మన ఊళ్లలో అసలు ఇబ్బంది పగటి ఎండ కంటే రాత్రి ఉక్క అని నా అభిప్రాయం. రాత్రి చల్లబడకపోతే తలుపులు తెరిచే ఆ వేళే చెడిపోతుంది. అందుకే హైదరాబాద్‌లో చలికాలంలో కళకళలాడిన కుండీ మే నెలలో డీలాపడుతుంది. కోస్తాలో ఇంకా కష్టం. వేసవిలో నీరు బాగా తగ్గించి, గాలి ఆడే చోట, మధ్యాహ్నపు ఎండ తగలని వెలుతురులో ఉంచాలి. వానాకాలంలో చూరు కిందికి మార్చాలి. సగానికి సగం ముతక ఇసుకో, చిన్న ఇటుక ముక్కలో కలిపిన మట్టి, అడుగున రంధ్రమున్న కుండీ తప్పనిసరి. మట్టి పూర్తిగా ఆరాకే నీరు పోయాలి, అదీ ఆకుల నడిమి గుంటలో నిలవకుండా. కాడ సాగి ఆకులు దూరదూరంగా వస్తుంటే వెలుతురు చాలలేదని అర్థం.

కింది ఆకును విరవకుండా మొదలంటా ఊడదీసి, నాలుగు రోజులు నీడన ఆరనిచ్చి, పొడి ఇసుక మీద ఊరికే పడేయండి. రణపాలకు ఆకు అంచుల నొక్కుల్లో పిలకలు వస్తాయి. దీనికి ఆకు మొదట్లో వస్తాయి. కొన్ని వారాలకు గులాబీ రంగు వేళ్లు, వాటి పక్కన మిరియపు గింజంత వలయం కనిపిస్తాయి. ఆ పిల్ల సొంతంగా నీరు తాగేదాకా తల్లి ఆకు తనలో దాచుకున్న నీటినంతా దానికి అందిస్తూ, ముడుతలు పడి, చివరకు కాగితంలా ఎండి రాలిపోతుంది.