తిరిగొస్తామనుకుని దాచిన సామాన్లు

2015లో చెక్ రిపబ్లిక్‌లోని లిబౌఖెట్స్ అనే ఊరికి జర్మనీ నుంచి ఎనభై దాటిన ఒక పెద్దాయన వచ్చారు. చిన్నప్పుడు తాను పెరిగిన ఇల్లు ఇప్పుడు చిన్నపిల్లల బడి. ఆయన అటకెక్కి, చెక్కల సందుల్లో తడిమి, ఒక దారం దొరికితే పట్టుకుని లాగారు. పలకలు కదిలాయి. లోపల డెబ్భై దాకా పొట్లాలు, చక్కగా కాగితంలో చుట్టి ఉన్నాయి. విప్పితే బంగారం ఏమీ లేదు. మంచు మీద జారే స్కీలు, టోపీలు, బట్టలు తగిలించే హ్యాంగర్లు, సాక్సులు, పాత పేపర్లు, కొన్ని చిత్రపటాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి జర్మన్ కుటుంబాలను వెళ్లగొట్టినప్పుడు, ఇల్లు వదిలి వెళ్లేముందు వాళ్ల నాన్న దాచినవి. వాటిలో ఒక్కటి కూడా ఆ పెద్దాయన వెంట తీసుకెళ్లడానికి లేదు. చట్టం ప్రకారం అవి చెక్ ప్రభుత్వానివి. దగ్గర్లోని ఊస్తీ నగరం మ్యూజియానికి చేరాయి.

ఇలాంటివి బయటపడినప్పుడల్లా లంకెబిందెలు దొరికినట్టు వార్తలొస్తాయి. నాకా మాట సరైందనిపించదు. ఇవి కాపురం సామాన్లు. మళ్లీ వచ్చి వాడుకుందామని దాచినవి.

ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. అప్పటి జర్మనీకి తూర్పు కొసన ఉన్న తూర్పు ప్రష్యాలోకి 1914 ఆగస్టులో రష్యా సైన్యం వచ్చింది. లక్షలాది మంది ఇళ్లు వదిలి పారిపోయారు. 1915 ఫిబ్రవరికల్లా ఆ సైన్యం వెళ్లిపోయింది, జనం తిరిగొచ్చారు, కాలిపోయిన ఊళ్లు మళ్లీ కట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ల తర్వాత సోవియట్ ఎర్రసైన్యం వస్తోందని తెలిసినప్పుడు, ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తొచ్చింది ఆ అనుభవమే. కొన్నాళ్లు తలదాచుకుంటే చాలు, వచ్చేస్తాం అనుకున్నారు.

ఈసారి అలా జరగలేదు. అక్కడి నాజీ పాలకుడు ఎరిక్ కోఖ్ ముందుగా ఊళ్లు ఖాళీ చెయ్యడాన్ని అడ్డుకున్నాడు. బయల్దేరితే ఓటమిని ఒప్పుకున్నట్టే లెక్క. 1945 జనవరిలో దాడి మొదలయ్యాక చాలా కుటుంబాలకు సర్దుకోవడానికి కొన్ని గంటలే మిగిలాయి. గునపం దిగని గడ్డకట్టిన నేల. అందుకే నేలమాళిగలో, పశువుల కొట్టంలో, ఎక్కడ వీలైతే అక్కడ దాచారు. పాల క్యాన్లలో వెండి చెంచాలు, గాజు సీసాల్లో కాగితాలు, దుప్పట్లలో చుట్టిన పింగాణీ. బండి మీద పిల్లలూ ముసలివాళ్లూ గుర్రాలకు మేతా ఎక్కాక పింగాణీకి చోటెక్కడ? సముద్రతీరంలో గడ్డకట్టిన ఉప్పునీటి మడుగు మీద బండ్లు నడిపించుకుంటూ వెళ్లినవాళ్లలో మంచు పగిలి మునిగిపోయినవాళ్లూ ఉన్నారు. ఎక్కడ ఏం దాచారో వాళ్లతోనే పోయింది.

యుద్ధంలో గెలిచిన దేశాలు జరిపిన, 1945 ఆగస్టు 2న ముగిసిన పోట్స్‌డామ్ సమావేశం తిరుగుదారి మూసేసింది. ఓడర్, నైసే నదులకు తూర్పున ఉన్న జర్మన్ ప్రాంతాల్లో ఎక్కువ భాగం పోలండ్ పాలనలోకి, తూర్పు ప్రష్యా ఉత్తర భాగం సోవియట్ చేతికి వెళ్లాయి. పారిపోయినవాళ్లూ, వెళ్లగొట్టబడినవాళ్లూ కలిపి దాదాపు 1.2 కోట్ల మంది. చెకొస్లొవేకియా నుంచి 1946లో రైళ్లలో పంపినప్పుడు మనిషికి 30 నుంచి 50 కిలోల సామానే అనుమతి. 1945 అక్టోబరులో వచ్చిన 108వ నంబరు ఆదేశంతో అక్కడి జర్మన్ల ఆస్తి ప్రభుత్వపరమైంది. పోలండ్‌లో 1946 మార్చి 8 నాటి ఆదేశం అదే పని చేసింది. లిబౌఖెట్స్ పెద్దాయన ఉత్తచేతులతో వెనక్కి వెళ్లాల్సి రావడానికి మూలం ఇక్కడుంది.

పోలండ్ చేతికొచ్చిన ప్రాంతాల్లో ఆ ఇళ్లలోకి వచ్చినవాళ్లూ సుఖంగా రాలేదు. ల్వూవ్ (ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వివ్) లాంటి పోలండ్ తూర్పు ఊళ్లను సోవియట్ యూనియన్ తీసుకోవడంతో తమ ఇళ్లు వదులుకున్న పోలిష్ కుటుంబాలు వాళ్లలో చాలామంది. కొన్నిచోట్ల జర్మన్ కుటుంబం వెళ్లేదాకా ఇద్దరూ ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండుకున్నారు. ఆ మిగిలిన బీరువాలకూ కంచాలకూ పోలిష్‌లో ‘పోన్యెమ్యెత్స్‌కియె’ అనే పేరే పడింది, జర్మన్ల తర్వాత మిగిలినవి అని. వాళ్లెప్పుడు తిరిగొస్తారో అనే టెన్షన్‌తో ఇంటికి రిపేరు కూడా చేయించుకోని వాళ్లున్నారు. కొత్త సరిహద్దుపై పశ్చిమ జర్మనీ, పోలండ్ చేసుకున్న 1970 ఒప్పందంతో ఆ భయం కొంత తగ్గింది. 1990లో ఏకమైన జర్మనీ సరిహద్దును ఖాయం చేసింది. ఆస్తి కోసం కొందరు జర్మన్లు పోలండ్‌పై వేసిన దావాను 2008లో యూరప్ మానవ హక్కుల కోర్టు విచారణకే తీసుకోలేదు.

తర్వాత మెటల్ డిటెక్టర్లు వచ్చాయి. పోలండ్‌లోని వావ్‌బ్జిఖ్ దగ్గర నాజీల బంగారు రైలుందని 2015లో ప్రపంచమంతా హోరెత్తింది. 2016లో తవ్వితే ఏమీ లేదు. అయినా వేట ఆగలేదు. అక్కడ 2003 చట్టం ఇలాంటి వెతుకులాటకు అనుమతి తప్పనిసరి చేసింది. అది ఉండాల్సిందేనని నా అభిప్రాయం. రహస్యంగా తవ్వి అమ్మేస్తే, ఆ పింగాణీ ఏ ఇంటిదో, ఏ గదిలో దొరికిందో చెప్పేవాళ్లుండరు.

ఇంకో సంగతి మరవకూడదు. 1939 ఫిబ్రవరిలో జర్మనీలోని యూదులు పెళ్లి ఉంగరాల్లాంటి కొద్దివాటిని తప్ప బంగారం, వెండి అంతా ప్రభుత్వానికి అప్పగించాలని ఆదేశం వచ్చింది. 1941 నుంచి వాళ్లను రైళ్లెక్కించి పంపేశాక ఇంటి సామాన్లు వేలానికొచ్చాయి, ఇరుగుపొరుగు కొనుక్కున్నారు. కాబట్టి ఒక జర్మన్ ఇంటి పెరట్లో దొరికిన చెంచా మీద చెక్కిన పొడి అక్షరాలు, పాతిపెట్టినవాళ్లవే కావాలని లేదు. మెరిసేలా తోమడానికి ముందు ఆ అక్షరాలు చదవాలి, దొరికిన చోటు రాసిపెట్టాలి, ఆ ఊరి పాత చిరునామాల పుస్తకం తెరిచి ఆ వీధిలో ఎవరెవరున్నారో వెతకాలి.