ఏ తిండి ఎంత ఇష్టమో జంతువుని అడిగేదెలా?

రెండు గిన్నెల్లో రెండు రకాల తిండి పెట్టి ఏది ఎక్కువ తిందో చూడటం అన్నిటికన్నా పాత పద్ధతి, కుక్కలకీ పిల్లులకీ తిండి తయారుచేసే కంపెనీలు ఇప్పటికీ దాదాపు ఇదే చేస్తాయి. ఏది ఎక్కువ ఇష్టమో దీంతో తెలుస్తుంది కానీ ఎంత ఎక్కువో తెలీదు. పైగా కొన్ని జంతువులు తిండితో సంబంధం లేకుండా ఎప్పుడూ ఒకే వైపు గిన్నె దగ్గరికి వెళ్తాయి, అందుకే గిన్నెలు అటూ ఇటూ మారుస్తుంటారు.

ఇష్టం స్థిరంగా ఉండదని 1928లోనే తేలింది. టింకిల్‌పా అనే పరిశోధకుడు కోతి చూస్తుండగా అరటిపండు దాచి, తర్వాత దానికి తెలీకుండా లెట్యూస్ ఆకు పెట్టాడు. మామూలుగా ఆ ఆకు తినే కోతే ఈసారి దాన్ని వదిలేసి పండు కోసం వెతికింది, మనుషుల మీద అరిచింది కూడా (అరవదా మరి!).

అసలు మలుపు 1961లో వచ్చింది. హోడోస్ అనే పరిశోధకుడు ఎలుకల చేత మీట నొక్కించి పాలు ఇచ్చాడు, కానీ ఒక్కో గుక్కకీ నొక్కాల్సిన సంఖ్య పెంచుకుంటూ పోయాడు. ఎలుక ఎక్కడ విసిగి మానేస్తుందో దాన్ని బట్టి ఆ పాల విలువ లెక్క. ఇష్టానికి ఒక అంకె దొరికింది, అయితే ఆకలి పెరిగితే ఆ అంకె కూడా పెరిగేది.

1970ల్లో కాగెల్, బటాలియో వంటి ఆర్థికవేత్తలు ఇందులోకి దిగి, ఎలుకలకి రోజుకిన్ని నొక్కులు 'ఆదాయం'గా ఇచ్చి, తిండికీ పానీయాలకీ 'ధరలు' పెట్టారు. రెండు తీపి పానీయాల్లో ఒకదాని ధర పెంచితే ఎలుకలు రెండోదానికి మారిపోయాయి, తిండికి బదులు నీళ్లు అంటే మాత్రం అంత సులువుగా మారలేదు. 1983లో జంతువుల ప్రవర్తనని పరిశోధించే మరియన్ డాకిన్స్ ఈ ధరల ఆలోచననే కోళ్ల సంక్షేమానికి వాడింది.

ఇక్కడే ఒక చిక్కుంది, నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేదీ అదే. 1990ల మొదట్లో సాలమోన్ అనే పరిశోధకుడి బృందం ఎలుకలకి డోపమైన్‌ని (మెదడులో సంకేతాలు చేరవేసే ఒక రసాయనం) అడ్డుకునే మందు ఇచ్చింది. అవి రుచికరమైన తిండి కోసం మీట నొక్కడం తగ్గించి, పక్కనే ఊరికే దొరికే మామూలు మేత తిన్నాయి. రెండూ ఊరికే పెడితే మాత్రం మళ్లీ రుచికరమైనదాని దగ్గరికే వెళ్లాయి! అంటే తగ్గింది ఇష్టం కాదు, దానికోసం కష్టపడే ఓపిక, మీట లెక్క మాత్రమే చూసుంటే ఈ తేడా కనిపించేదే కాదు.