రవ్వ మీద పిండి: సీజన్ తొలి మంచు వెనక కథ

బెంగళూరు మారతహళ్లిలో ట్రెకింగ్ సామాను అద్దెకిచ్చే ఒక షాపులో అక్టోబరు నుంచే రద్దీ. హిమాలయాల ట్రెక్‌కని జాకెట్లు తొడిగి చూసుకునే మన తెలుగు కుర్రాళ్ల నోట ఈ మాట మళ్లీ విన్నాను: "డిసెంబర్ మొదట్లోనే వెళ్లొచ్చేద్దాం రా, అప్పుడు మంచు తక్కువ, టెన్షన్ ఉండదు." మంచు తక్కువన్నది నిజమే. టెన్షన్ ఉండదన్నదే తప్పు.

మన భాష కూడా ఇక్కడ పెద్దగా సాయం చెయ్యదు. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద పొద్దున్నే కమ్మేదీ మంచే, ఫ్రీజర్లో పేరుకునేదీ మంచే. పేపర్లేమో ఆకాశం నుంచి మంచు కురిసినా, కొండ మీంచి మంచు విరుచుకుపడినా 'హిమపాతం' అనే రాస్తాయి. టెన్షన్ పెట్టాల్సింది ఈ రెండోది: వాలు మీంచి ఒక్కసారిగా జారిపడే మంచు చరియ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఊరు చీకట్లో గడిపిన ఆ రోజులు మనకి గుర్తే. ఆ తుపాను అక్కడితో ఆగలేదు. మిగిలిన తేమ ఉత్తరానికి పోయి, రెండు రోజులకి నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో మంచుగా దిగింది. 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ చుట్టుపక్కల మంచు తుపానులో, మంచు చరియల కింద 40 మందికి పైగా పోయారు. ట్రెకింగ్‌కి అక్టోబరే మంచిదని వెళ్లినవాళ్లు చాలామంది. 1995 నవంబరులోనూ ఇంతే: బంగాళాఖాతం తుపాను గోపాల్‌పూర్ వైపు తీరం దాటాక, ఎవరెస్ట్ ప్రాంతంలోని పాంగాలో చరియ బసను కప్పేసింది. పోయినవాళ్లలో 13 మంది జపాన్ ట్రెకర్లు.

2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 మీద నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం మీద మంచు పలక విరిగిపడి 29 మంది చనిపోయారు. నేర్చుకోవడానికి వెళ్లినవాళ్లు, పక్కన నేర్పేవాళ్లు ఉన్నవాళ్లు.

తక్కువ మంచు ఎందుకు మోసం చేస్తుందో చూడాలని ఇంట్లో ఒక పని చేశాను. పళ్లెంలో బొంబాయి రవ్వ పలచగా పరిచి, దాని మీద గోధుమపిండి గట్టిగా అదిమి, పళ్లాన్ని ఒకవైపు మెల్లగా ఎత్తాను. కొంతదాకా ఏమీ కాలేదు. వేలితో ఒక్కసారి తట్టేసరికి పిండి పలక పలకగా జారి స్టవ్ గట్టంతా పరుచుకుంది. ఇంట్లో ఏమన్నారో ఇక్కడ అనవసరం.

కొండ మీద జరిగేదీ అదే. తొలి మంచు పలచగా పడుతుంది. దాని అడుగున నేల ఇంకా సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైన రాత్రి గాలి అంతకంటే ఎన్నో డిగ్రీలు చల్లన. ఆ తేడా అంతా జానెడు మంచులోనే ఇమడాలి. అప్పుడు అడుగు నుంచి ఆవిరి పైకి కదులుతూ మంచు రేకుల్ని పంచదార పలుకుల్లా మార్చేస్తుంది. పిడికిట్లో పట్టి నొక్కినా అవి ఉండ కట్టవు. మంచు లోతుగా ఉంటే అదే తేడా పొర పొరకీ పంచుకుపోతుంది, పలుకులు అంతగా ఏర్పడవు. ఎండ తగలని ఉత్తరపు వాలుల్లో ఈ రవ్వ వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. తర్వాత గాలి మోసుకొచ్చిన మంచు దాని మీద గట్టి పలకలా కూర్చుంటుంది. ఇక 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఒక మనిషి అడుగు చాలు. చరియలో చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది విషయంలో దాన్ని కదిపింది వాళ్లో, వాళ్ల తోటివాళ్లో.

2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పదిమంది మంచు కింద పడ్డారు. ఒకరు కర్నూలు జిల్లా వాసి. ధార్వాడ్ జిల్లాకి చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణంతో దొరికారు, ఆ తర్వాత ఆసుపత్రిలో కన్నుమూశారు. బెంగళూరులో ఈ మాటెత్తితే ఆ ఆరు రోజులనే ధైర్యం కోసం చెప్పుకుంటారు. అది అరుదైన సంగతి. మామూలుగా పావుగంట దాటితే బతికే అవకాశం చరచరా పడిపోతుంది. అంటే పక్కనున్నవాళ్లే తవ్వాలి.

సైన్యం అవసరాల కోసం 1969లో మనాలీలో మొదలైన మంచు అధ్యయన కేంద్రం, 2020లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకే చెందిన మరో ల్యాబ్‌తో కలిసి డీజీఆర్ఈ అనే సంస్థ అయింది. హిమాచల్, ఉత్తరాఖండ్, కశ్మీర్, లద్దాఖ్‌లకి చరియల హెచ్చరికలు ఇప్పుడు అక్కడి నుంచే వస్తాయి. మనవాళ్లు మాత్రం ఫోన్లో టెంపరేచర్ చూసి ఆగిపోతారు.

షాపు అద్దె జాబితాలో జాకెట్, బూట్లు, కర్రలు, హెడ్‌ల్యాంప్ ఉన్నాయి. మంచు తవ్వే పార ఉందా అని అడిగాను.

"పారా? తోటపనికా సార్?" అన్నాడు షాపు కుర్రాడు.